తేనె పెట్టెకు చీమలు పట్టినప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

బెంగళూరులో మిద్దెల మీద, పెరటి మూలల్లో పుట్టతేనెటీగలను పెంచుకునే మన తెలుగువారికి చీమల బెడద చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఈ జాతి ఈగలు ఓర్పు నశిస్తే గూటిని, పిల్లలను వదిలేసి గుంపుగా లేచిపోతాయి కనుక తొలి గుర్తుల దగ్గరే పని మొదలుపెట్టాలి.

సమస్య: ద్వారం దగ్గర ఈగలు గుమిగూడి, నేలవైపు వంగి ఉండుండి రెక్కలు విదిలిస్తుంటాయి. పుప్పొడితో తిరిగి వచ్చేవి తగ్గుతాయి.

కారణం: చీమలు స్టాండు కాళ్ల మీదుగా ఎక్కుతున్నాయి, ఈగలు వాటిని రెక్కల గాలితో తోసేస్తున్నాయి. పొడవాటి కాళ్లు, మీసాలతో, పసుపు గోధుమ రంగులో, సుమారు 4-5 మిల్లీమీటర్ల పొడవుండి దిక్కుతోచనట్లు పరుగెత్తే చీమలైతే మరింత జాగ్రత్త అవసరం. అవి అనోప్లోలెపిస్ గ్రాసిలిపెస్ అనే చొరబాటు జాతి. కుట్టవు, ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతాయి. 2022లో తమిళనాడులోని దిండిగల్ జిల్లా కరంతమలై ప్రాంతంలో పశువులను, పల్లెలను వేధించినవి ఇవే. ఒక్కో పుట్టలో అనేక రాణులు ఉంటాయి కనుక, ఒక పుట్టను తవ్వి పారేస్తే బెడద తీరదు.

పరిష్కారం: స్టాండు నాలుగు కాళ్లనూ నీళ్ల గిన్నెల్లో నిలిపి, చీమలు నీటిపై తేలి దాటకుండా కొద్దిగా సబ్బు కలపాలి. దోమలు పెరగకుండా ఆ నీటిని వారానికి రెండుసార్లు మార్చాలి. గిన్నెలు పెట్టలేని చోట, వాన తగలని ఎత్తులో కాళ్ల చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున గ్రీజు పూయాలి. దుమ్ము పట్టిన గ్రీజు చీమలకు బాటే అవుతుంది కనుక దానిని గీకి మళ్లీ పూస్తుండాలి.

సమస్య: గిన్నెల నిండా నీళ్లున్నా చీమలు ఎక్కుతూనే ఉన్నాయి.

కారణం: ఎక్కడో వంతెన ఉంది. యలహంకలో మా మిద్దె మీద నేను మూడు రోజులు గిన్నెలనే అనుమానించాను. చివరికి రాత్రి టార్చి వేసి చూస్తే, పక్క కుండీలోని కరివేపాకు రెమ్మ గాలి వీచినప్పుడల్లా పైమూతను తాకుతోంది. తాకిన ఆ క్షణంలోనే నాలుగైదు చీమలు మూత మీదికి దిగుతున్నాయి. రెమ్మ కణుపుల్లో పిండినల్లి పట్టి ఉంది. అది విసర్జించే తీపి జిగురు కోసమే చీమలు ముందుగా ఆ మొక్కను చేరాయి.

పరిష్కారం: గోడకు, కొమ్మలకు పెట్టెను మూరెడు దూరంలో ఉంచాలి. గిన్నెల్లో పడిన ఆకులను, సాలెగూళ్లను తీసేయాలి. దగ్గరి మొక్కలకు పిండినల్లి పడితే ఆ రెమ్మలను కత్తిరించాలి. చక్కెర పాకం పెట్టవలసి వస్తే సాయంత్రం పెట్టె లోపలే పెట్టి, ఒలికిన చుక్కలను తడిగుడ్డతో తుడవాలి.

చీమల సుద్ద, స్ప్రే మందులు పెట్టె దగ్గర వాడనే కూడదు. చీమను చంపే మందు ఈగనూ చంపుతుంది.

సమస్య: చీమలు పోయినా గుడ్లు, పిల్లలు తగ్గిపోతున్నాయి, తేనె వేగంగా ఖర్చవుతోంది.

కారణం: ఈగలు వలసకు సిద్ధమవుతున్నాయి.

పరిష్కారం: బలమైన మరో పెట్టె నుంచి పిల్లలున్న చట్రం ఒకటి తెచ్చి ఇవ్వాలి, పిల్లలుంటే ఈగలు నిలిచే అవకాశం ఎక్కువ. కూలి ఈగలు దూరగల, రాణి దాటలేని గేటును ద్వారానికి కొద్ది రోజులు అమర్చవచ్చు. అప్పటికే వెళ్లిపోయి ఉంటే, మైనపు పురుగు పట్టకముందే పాత అరలను తీసి మైనం కరిగించి, పెట్టెను ఎండబెట్టాలి.