ఒక్క కందిరీగ గూడు చాలు

బెంగళూరులో చదువుకునే మన తెలుగు పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు, పురుగుల మీద పనిచేసే ఎకాలజిస్ట్ అవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని. అడవికి పోనక్కర్లేదు, ముందు మీ పీజీ కిటికీ బయట, మెట్ల కింద వెతకండి. రోపాలిడియా మార్జినేటా అనే కందిరీగ ఇలాంటి చోట్లే చెక్క పీచు నమిలి, కాగితం లాంటి గూడు కడుతుంది. ఇక్కడి ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) శాస్త్రవేత్త రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు దీన్నే చదివారు.

గూడు దొరికితే కాస్త దూరంగా కూర్చోండి, ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దగ్గరికే వెళ్లొద్దు. నోట్‌బుక్‌లో గూడు బొమ్మ గీసి ప్రతి గదికీ నంబరు వేయండి. గుడ్డుంటే "గు", పిల్లపురుగుంటే "పి", తెల్లటి మూత పడితే "మూ". రోజూ అదే వేళకి అరగంట. మొదటి వారం నాకు అన్నీ ఒకేలా కనిపించాయి, తర్వాత ఒకటి ఎప్పుడూ గూడు వదలట్లేదని, ఇంకొకటి మాటిమాటికీ ఏదో తెస్తోందని తెలిసింది. పరిశోధకులైతే ఒక్కోదాని వీపు మీద రంగు చుక్కలు పెట్టి గుర్తుపడతారు, అది నేర్పేవాళ్లు పక్కన ఉంటేనే చేయండి.

ఈ కందిరీగల్లో గుడ్లు పెట్టే రాణికీ పనివాళ్లకీ ఒంట్లో తేడా కనిపించదు, పైగా రాణి చాలా నెమ్మదస్తురాలు. ఆమెను తీసేస్తే పనివాళ్లలో ఒకటి ఉన్నట్టుండి మిగతావాటి మీద పడి కొడుతుంది, కొన్నాళ్లకి అదే కొత్త రాణై మళ్లీ శాంతిస్తుంది.

జీవ పరిణామం గురించి ఏదైనా రాయాలంటే ఇక్కడి నుంచే రాయండి. తాను పిల్లల్ని కనకుండా ఇంకొకరి పిల్లల్ని పెంచే ప్రాణి ఎలా నిలిచింది? డార్విన్‌నే ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇది. 1964లో హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త బంధుత్వంతో జవాబు చెప్పాడు: తోబుట్టువుల్లోనూ మన జన్యువులే ఉంటాయి కదా. కందిరీగల్లో ఒకే తల్లీ ఒకే తండ్రీ అయితే అక్కచెల్లెళ్ల మధ్య జన్యువుల పోలిక ముప్పావు వంతు. కానీ ఈ కందిరీగలో రాణి ఒకటికంటే ఎక్కువ మగవాటితో జతకడుతుంది, రాణులూ మారుతుంటారు, అందుకని పోలిక బాగా తగ్గిపోతుంది, అయినా అవి కలిసే ఉంటాయి. ఈ చిక్కుని దాచకుండా రాయండి, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. ఇంకోటి, "బతకడం కోసం కందిరీగ తనను తాను మార్చుకుంది" అని దయచేసి రాయొద్దు. అలా పుట్టినవి ఎక్కువ సంతానాన్ని మిగిల్చాయి, అంతే.

చదువు విషయానికొస్తే జువాలజీ అయినా అగ్రికల్చర్ అయినా పర్వాలేదు. పీహెచ్‌డీకి ఐఐఎస్‌సీ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ రెండూ ఈ ఊళ్లోనే ఉన్నాయి, పంట పురుగుల మీద ఆసక్తి ఉంటే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకే. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ గూడు నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి, కొట్టివేతలతో, టీ మరకలతో ఎలా ఉంటే అలాగే.