లూసియానా అకార్డియన్ సంగీతం: వినడం, నేర్చుకోవడం ఎలా?

అమెరికాలోని లూసియానా రాష్ట్రపు నైరుతి పల్లెల్లో పుట్టి పెరిగిన కేజన్, క్రియోల్ అకార్డియన్ (చేతులతో తిత్తిని మూస్తూ తెరుస్తూ వాయించే వాద్యం) సంగీతాన్ని నేర్చుకోదలచినవారు వాద్యం కొనడానికి ముందే అమెడె ఆర్డువాన్ రికార్డులను వినాలి. నల్లజాతి క్రియోల్ కుటుంబంలో పుట్టిన ఆర్డువాన్, శ్వేతజాతి ఫిడేలు విద్వాంసుడు డెనిస్ మగీ 1929 డిసెంబరులో న్యూ ఆర్లీన్స్‌లో కొలంబియా రికార్డుల కంపెనీ కోసం కలిసి వాయించారు. కేజన్లు 1755 నుంచి బ్రిటిష్ వారు నోవా స్కోషియా ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల సంతతి. క్రియోల్‌లు అక్కడి ఫ్రెంచి మాట్లాడే నల్లజాతివారు. జాతి వివక్ష చట్టంగా ఉన్న కాలంలోనూ ఈ రెండు సమాజాల పాటలు ఒకే మడిలో పండాయి కాబట్టి, ఒకదాన్ని వదిలి రెండోదాన్ని మాత్రమే నేర్చుకున్నవారికి సగం సంగీతమే దక్కుతుందని నా దృఢమైన అభిప్రాయం.

ఒకే పాటను మూడుసార్లు వినండి. మొదటిసారి ఆర్డువాన్ గొంతును మాత్రమే పట్టుకోండి. అది పై స్థాయిలో, దాదాపు ఏడుపు అంచున నిలిచి పాడుతుంది. రెండోసారి చరణానికీ చరణానికీ మధ్య అకార్డియన్ ఆ వరుసనే ఎలా అల్లుకుపోతుందో, తాళంలో దెబ్బను ఎక్కడ ముందుకు జరుపుతుందో గమనించండి. మూడోసారి ఫిడేలు వినండి. ఆర్డువాన్ రికార్డు చేసినవి 34 పాటలే. ఒక నృత్యసభలో శ్వేతజాతి స్త్రీ ఇచ్చిన చేతిరుమాలుతో చెమట తుడుచుకున్నందుకు ఆయనను చావబాదారని ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. 1942లో పైన్‌విల్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఆయన చనిపోయాడు.

ఇక వాద్యం విషయం. ఈ సంగీతానికి కావలసింది కుడిచేతి వైపు ఒకే వరుసలో పది బటన్లు, ఎడమచేతి వైపు రెండు బటన్లు ఉండే డయటోనిక్ అకార్డియన్, అంటే ఒకే స్కేలు స్వరాలు మాత్రమే పలికేది. శ్రుతి సాధారణంగా ‘సి’. ప్రతి బటన్ కింద నాలుగు రీడ్లు (గాలికి కంపించి పలికే లోహపు రేకులు) పలుకుతాయి, పైన ఉండే నాలుగు స్టాపులు అనే మీటలతో వాటిని తెరవవచ్చు, మూయవచ్చు. మైకులు లేని రోజుల్లో నాట్యం చేసేవారి అడుగుల చప్పుడును మించి వినిపించగలిగింది కనుకనే ఇది అక్కడ నిలదొక్కుకుంది. మొదట్లో ఇవి జర్మనీ నుంచి వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధం ఆ దారి మూసేయడంతో లేక్ చార్లెస్‌లో సిడ్నీ బ్రౌన్ స్థానికంగా తయారుచేయడం మొదలుపెట్టాడు. కొనేటప్పుడు గాలి కారకుండా తిత్తి బిగువుగా ఉందో లేదో చూసుకుంటే చాలు, మెరుగు గురించి ఆలోచించనక్కరలేదు.

హార్మోనియంలో ఒక మెట్టుకు ఒకే స్వరం ఉంటుంది. ఇక్కడ తిత్తిని మూస్తే ఒక స్వరం, తెరిస్తే మరొకటి పలుకుతుంది. ‘సి’ని షడ్జమంగా తీసుకుంటే, మూడో బటన్ మూస్తూ స, తెరుస్తూ రి, నాలుగోది గ, మ, ఐదోది ప, ద. ఆరోదానికి వచ్చేసరికి వరస తిరగబడి తెరుస్తూ ని, మూస్తూ పై స వస్తాయి. అందువల్ల ద తరువాత చేయి వెనక్కి తిప్పకుండా తెరుస్తూనే ని పలికించాలి. చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. ఈ మలుపు చేతికి అలవాటయ్యేదాకా ఎడమచేతి బటన్లను ముట్టుకోవద్దు. అటు తరువాత వాల్ట్జ్ అనే మూడు దెబ్బల నాట్య గీతానికి ఒక మంద్ర స్వరం, రెండు కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) చొప్పున మూడు దెబ్బల నడకను జోడించండి.

మూసి తెరిచే ఆ కుదుపే ఈ బాణీకి ఊపిరి, దాన్ని నునుపు చేయాలని ప్రయత్నించవద్దు. శంకరాభరణపు స్వరాలున్న ఈ వాద్యంలో పంచమాన్ని ఆధారంగా చేసుకుని వాయిస్తే గ్రహభేదంతో, అంటే ఆధార షడ్జమాన్ని మార్చడంతో, హరికాంభోజి స్వరాలు వస్తాయి. బ్లూస్ (అమెరికా నల్లజాతివారి విషాద గీతాల బాణీ) ఛాయ ఉన్న పాటలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. జతగా వాయించే ఫిడేలు వాద్యకారులు ‘సి’ అకార్డియన్‌కు సరిపోయేలా నాలుగు తీగలనూ ఒక స్వరం కిందికి దించుకుంటారు.

పాటలోని ఫ్రెంచి మాటలను కూడా నోటికి తెచ్చుకోండి. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం బడులలో బోధనను ఇంగ్లీషుకే పరిమితం చేసింది. ఫ్రెంచి మాట్లాడిన పిల్లలకు శిక్షలు పడ్డాయి. ఆ భాష బతకడానికి ఈ పాటలు ఎంతో తోడ్పడ్డాయి. పలుకు తెలియకుండా వాయిస్తే వరుసలో విరామాలు తప్పుతాయి.

తరువాత వినవలసినవారిలో ఐరీ లెజూన్ ముందుంటాడు. తీగ వాద్యాల బృందాలు అకార్డియన్‌ను పక్కకు నెట్టిన కాలంలో, 1948లో ఆయన చేసిన రికార్డు దానికి మళ్లీ ఆదరణ తెచ్చింది. క్రియోల్ ధోరణి కోసం బ్వా సెక్ ఆర్డువాన్, కాన్రే ఫాంటెనోల జంటను వినాలి. బటన్లకు బదులు కుడివైపు పియానో మెట్లుండే పియానో అకార్డియన్‌తో, క్రియోల్‌ల నాట్య సంగీతమైన జైడికోను ప్రపంచానికి పరిచయం చేసిన క్లిఫ్టన్ షెనియే దగ్గరికి ఆ తరువాతే వెళ్లండి, ఎందుకంటే పాత ఇంటి పునాది తెలిస్తేనే ఆయన కట్టిన మేడ ఎంత ఎత్తో తెలుస్తుంది.

యూనిస్‌లో అకార్డియన్ తయారీదారు మార్క్ సావ్వా 1966లో తెరిచిన దుకాణంలో శనివారం ఉదయాలు ఊరివారంతా చేరి వాయించే ఆనవాయితీ ఉండేది. ఇలాంటి కూడికల్లో సాధారణంగా ఒకసారికి ఒక అకార్డియనే పలుకుతుంది. కొత్తవారు మొదట గిటారుతో వెనుక వరుసలో కూర్చుని, పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో పసిగట్టడం వచ్చాక, పెద్దలు సైగ చేసినప్పుడు అకార్డియన్ అందుకోవాలి.