అమెరికా మాల్, చెన్నై డెస్క్ – నాలుగో పాఠం: ఈజ్‌మెంట్‌ను జరపడం

పోయిన పాఠంలో టైటిల్ కమిట్‌మెంట్‌లోని (టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే కాగితం) షెడ్యూల్ బి చదివి, అందులో ఉన్న ఒక్కో ఈజ్‌మెంట్‌నూ, అంటే ఒకరి స్థలం మీద పైపుకో దారికో ఇంకొకరికున్న హక్కునూ, డ్రాయింగ్ మీదికి ఎక్కించాం. ఇక్కడ ఈసీలో విల్లంగాలు (స్థలం మీది చిక్కులు) వెతికే అలవాటున్నవాళ్లకు అది పెద్ద కష్టమనిపించి ఉండదు. ఓఎంఆర్‌లోనో తరమణిలోనో కూర్చుని అమెరికా సర్వే కంపెనీలకు ఆల్టా డ్రాయింగ్‌లు (టైటిల్ ఇన్సూరెన్స్ కోసం చేసే స్థల సర్వేలు) చేసే మనవాళ్లలో చాలామంది అక్కడితో ఆగిపోతారు. పాత మాల్‌ను పడగొట్టి మళ్లీ కట్టే ప్రాజెక్టు చేతికొస్తే మాత్రం అది చాలదు. కొత్త బిల్డింగ్ సరిగ్గా పాత మురుగు పైపు నెత్తినే వచ్చి కూర్చుంటుంది. అప్పుడు పైపునూ జరపాలి, ఆ పైపుకున్న హక్కునూ జరపాలి. ఈ రెండూ వేర్వేరు పనులు, చేసేవాళ్లూ వేరు.

గీత గీయకముందే, ఆ హక్కు ఎలా పుట్టిందో చూడండి. విడిగా రాసి కౌంటీలో రికార్డు చేసిన దస్తావేజైతే, యుటిలిటీ కంపెనీ రాతపూర్వకంగా వదులుకోవాలి. రికార్డైన లేఅవుట్ పటం (ప్లాట్) మీద చూపించిన ఈజ్‌మెంట్ అయితే సాధారణంగా నగరపాలక సంస్థ దాన్ని రద్దు చేయాలి, దానికి నోటీసులూ విచారణా ఉంటాయి. ఇక పాత కరెంటు కంపెనీల బ్లాంకెట్ ఈజ్‌మెంట్లు ఉంటాయి, హద్దులేమీ చెప్పకుండా స్థలం మొత్తాన్నీ కప్పేస్తాయి. అలాంటిది దొరికితే, దాని బదులు కొలతలున్న స్ట్రిప్ ఇవ్వమని అడగాలని క్లయింటుకు రాసిన మెయిల్‌లోనే చెప్పేయండి.

‘నా స్థలం, నా ఖర్చు, నేనే జరుపుకుంటా’ అంటే కుదురుతుందా? అక్కడ చాలా రాష్ట్రాల్లో పాత సూత్రం ప్రకారం రెండు వైపులా ఒప్పుకోవాల్సిందే. 2020లో వచ్చిన యూనిఫాం ఈజ్‌మెంట్ రీలొకేషన్ యాక్ట్ అనే నమూనా చట్టం, దాన్ని ఆమోదించిన రాష్ట్రాల్లో స్థలం యజమానికి కోర్టు దారి ఒకటి చూపించింది కానీ, పబ్లిక్ యుటిలిటీ ఈజ్‌మెంట్లను అందులోంచి తప్పించింది. మన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 23 కూడా, అదనపు భారం పడనంతవరకు చోటు మార్చుకునే వీలు హక్కుదారుకే ఇచ్చింది. కాబట్టి సంతకం కోసం కంపెనీ చుట్టూ తిరగక తప్పదు.

మాల్‌లో ఇంకో చిక్కుంది. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు చాలాచోట్ల తమ బిల్డింగునూ దాని కింది స్థలాన్నీ సొంతంగా కొనుక్కుని ఉంటాయి. వాళ్లకూ మాల్ యజమానికీ మధ్య ఆర్‌ఈఏ (రెసిప్రొకల్ ఈజ్‌మెంట్ అగ్రిమెంట్, ఒకరి స్థలాన్ని ఒకరు వాడుకునే హక్కుల ఒప్పందం) ఉంటుంది. పార్కింగ్, దారులు, కాలువలు, పైపులు అన్నీ అందులోకే వస్తాయి. ఎప్పుడో మూతపడిన స్టోరైనా స్థలం వాళ్ల పేరునే ఉంటే, వాళ్లు ఒప్పుకోకుండా పార్కింగ్ కింద కొత్త పైపు వేయడం కుదరకపోవచ్చు. వంద పేజీలున్నా సరే, సవరణలతో సహా చదవండి. నన్నడిగితే మాల్ పనిలో సర్వే డ్రాయింగ్ కన్నా ముందు తెరవాల్సిన ఫైల్ ఇదే.

ఇప్పుడు లెక్క. ఒహాయోలో ఒక మాల్ అనుకుందాం. 8 అంగుళాల మురుగు పైపు, సూటిగా 400 అడుగులు, వాలు 0.50 శాతం. అంటే మొత్తం దిగుడు 2 అడుగులు. కొత్త బిల్డింగును చుట్టి వెళ్తే పొడవు 560 అడుగులవుతుంది. రెండు చివర్లూ పాత పైపులకే కలవాలి కాబట్టి వాటి ఎత్తులు మారవు. 2ను 560తో భాగిస్తే 0.357 శాతం. ఆ ప్రాంతంలో పాటించే టెన్ స్టేట్స్ స్టాండర్డ్స్ ప్రకారం 8 అంగుళాల పైపుకు కనీసం 0.40 కావాలి. మనకు దాదాపు 3 అంగుళాలు తక్కువ పడింది.

10 అంగుళాల పైపుకు 0.28 చాలు కదా, అదే వేద్దామని ఎవరో ఒకరు అంటారు. వాలు తగ్గించుకోవడానికని పైపు సైజు పెంచడాన్ని ఆ ప్రమాణాలే ఒప్పుకోవు. అందుకే లెక్కను తిరగేయండి: 2ను 0.004తో భాగిస్తే 500 అడుగులు. మలుపు మలుపుకూ ఒక మ్యాన్‌హోల్ కావాలి, అక్కడా కాస్త దిగుడు ఖర్చవుతుంది కాబట్టి నిజానికి 500 కూడా దక్కదు. ఆర్కిటెక్ట్‌కు పంపాల్సింది ఈ అంకె. బిల్డింగ్ మూల కోసుకోవడమా, పంపు పెట్టుకోవడమా అన్నది వాళ్లు తేల్చుకుంటారు. చెన్నైలో ఉంటూ వాలు విలువ మర్చిపోకూడదు. ఇక్కడ నేల చదును కాబట్టే మెట్రో వాటర్‌కు అన్ని పంపింగ్ స్టేషన్లు. కొత్త దారి గీసేటప్పుడు మంచినీటి పైపుకూ దీనికీ మధ్య అడ్డంగా 10 అడుగులు వదలడం మర్చిపోకండి.

కాగితాల వరస ఇలా నడుస్తుంది. ముందు కొత్త ఈజ్‌మెంట్ రాసి రికార్డు చేయాలి. మాల్ మీద అప్పుంటే, బ్యాంకు తన మార్ట్‌గేజ్ ఈ హక్కు తర్వాతేనని సంతకం పెట్టాలి. లేకపోతే రేపు జప్తు జరిగినప్పుడు ఈజ్‌మెంట్ కూడా కొట్టుకుపోతుంది. తర్వాత పైపు వేసి, టెస్ట్ చేసి, కంపెనీ తీసుకున్నాక కనెక్షన్లు మార్చాలి. పాత హక్కును వదిలేసే కాగితం ఆఖర్న. డెవలపర్ మాత్రం లోన్ కోసం అదే ముందు కావాలని టెన్షన్ పెడతాడు. కొత్త పైపు నడవకుండా కంపెనీ పాతది వదలదు. సంతకం పెట్టించి ఎస్క్రోలో (మధ్యవర్తి దగ్గర) ఉంచడం మధ్యేమార్గం.

కొత్త స్ట్రిప్ వర్ణన రాసేటప్పుడు పాత రికార్డులో ఏ అడుగు వాడారో చూడండి. యూఎస్ సర్వే అడుగును 2022 చివర్లో పక్కన పెట్టారు కానీ, పాత కాగితాలు చాలావరకు అందులోనే ఉన్నాయి. తేడా పది లక్షల అడుగులకు 2 అడుగులే. అయితే స్టేట్ ప్లేన్ (రాష్ట్రాలవారీ సర్వే గ్రిడ్) కోఆర్డినేట్ 20 లక్షలుంటే స్ట్రిప్ 4 అడుగులు పక్కకు పోతుంది.

అభ్యాసం: పాత 8 అంగుళాల పైపు 350 అడుగులు, వాలు 0.60 శాతం. కొత్త దారిలో రెండు మలుపులు, ఒక్కో మ్యాన్‌హోల్‌కు 0.10 అడుగు దిగుడు వదలాలి. గరిష్ఠంగా ఎంత పొడవు వెళ్లొచ్చు? జవాబు ఐదో పాఠంలో, వర్ణన రాయడంతో పాటు.