ఫార్మాట్ కొట్టే ముందు

“అన్నా, సిస్టం ఆన్ అవుతాది, విండోస్ వచ్చేలోపు ఆఫ్ అవుతాది, మళ్లీ దానంతట అదే ఆన్ అవుతాది. పొద్దున్నుంచి ఇదే పని చేస్తాండాది.” ఎండాకాలం మొదలైందంటే టవర్ క్లాక్ దగ్గరున్న మా కంప్యూటర్ రిపేరు అంగడికి ఇట్లాంటి ఫోన్లు ఎక్కువైతాయి. ఆ వెంటే ఇంకో మాట వస్తుంది: “ఫార్మాట్ కొట్టేస్తే పోతాది కదా?”

పోదు. ఫార్మాట్ అంటే డిస్కంతా తుడిచేసి విండోస్ మళ్లీ వేయడం. పని నేర్చుకునే రోజుల్లో ఒక ట్యూషన్ సారు సిస్టంకు నేనూ అట్లే ఫార్మాట్ కొట్టినా. ఆయన ఏళ్ల తరబడి టైపు చేసుకున్న ప్రశ్నపత్రాలన్నీ పోయినాయి. కొత్త విండోస్ వేసినాక కూడా రీస్టార్ట్ ఆగలేదు. చూస్తే ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా, పోయింది. ఆ సారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఎక్కడ తప్పుందో తేలేదాకా నేను ఎవరి డిస్కూ ముట్టుకోను.

ముందు కూర్చుని, సిస్టం ఎక్కడిదాకా వచ్చి పడిపోతోందో రెండు మూడుసార్లు చూడండి. మదర్‌బోర్డు కంపెనీ లోగో కూడా రాకముందే పోతే అది కరెంటో, ర్యామో, బోర్డో. విండోస్ గుర్తు వచ్చి చుక్కలు తిరిగేటప్పుడు పోతే విండోస్, డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్), డిస్క్ మీద అనుమానం పెట్టుకోండి. డెస్క్‌టాప్ వచ్చి పది నిమిషాలు బాగా నడిచి పోతే వేడి.

ఎటూ తేలకపోతే, ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీ టపటపా నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు బోర్డులో వచ్చే సెట్టింగుల తెరలోకి, పోండి. కొన్ని బోర్డులకు ఎఫ్2. అక్కడే ఇరవై నిమిషాలు వదిలేయండి. బయోస్‌లో ఉన్నప్పుడు విండోస్ నడవదు కాబట్టి అక్కడ కూడా రీస్టార్ట్ అయితే విండోస్ తప్పు లేనట్టే. అక్కడ నిలబడితే మాత్రం హార్డ్‌వేర్ బాగుందని అప్పుడే తేల్చేయొద్దు. బయోస్‌లో లోడ్ తక్కువ, నీరసించిన ఎస్‌ఎంపీఎస్ కూడా అంతమాత్రం మోస్తుంది.

కరెంటు సంగతి చూసేటప్పుడు మొదట యూపీఎస్ తప్పించి గోడ ప్లగ్గుకే పెట్టండి. యూపీఎస్‌లో బ్యాటరీ చచ్చిపోయి ఉంటే, లైటు ఒక్కసారి మిణుక్కుమన్నా సిస్టం పడిపోతుంది. క్యాబినెట్ ముందు బటన్ లోపలికి ఇరుక్కుని ఉన్నా ఇదే వరస. బోర్డు మీది పవర్, రీసెట్ వైర్లు రెండూ పీకేసి, పవర్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి ఆన్ చేయండి. నిలబడితే బటన్‌దే తప్పు.

ఎస్‌ఎంపీఎస్ ఎందుకు రీస్టార్ట్ చేయిస్తుందంటే, అది బూడిదరంగు వైరు మీద బోర్డుకు “వోల్టేజీ బాగుంది” అని 5 వోల్టుల సంకేతం ఇస్తూ ఉంటుంది. లోడ్ పడి వోల్టేజీ కుంగితే ఆ సంకేతం ఆగిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. మల్టీమీటరుంటే పసుపు, నలుపు వైర్ల మధ్య 11.4 నుంచి 12.6, ఎరుపు, నలుపు మధ్య 4.75 నుంచి 5.25 వోల్టులు రావాలి. రెప్పపాటు కుంగుడు మీటరుకు దొరకదు కాబట్టి, వేరే మంచి ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడటమే నమ్మకమైన పరీక్ష. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకినాక కూడా అందులోని కెపాసిటర్లలో షాకు కొట్టేంత కరెంటు ఉంటుంది.

పోయిన ఎండాకాలం ఒక చెనిక్కాయల మండీ నుంచి సిస్టం వచ్చింది. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ తెరిచిన కాసేపటికి ఆఫ్ అయ్యేది. మూత తీస్తే ప్రాసెసర్ ఫ్యాన్ కింద, వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య పొట్టు దుమ్ము, నూనె జిడ్డుతో కలిసి, కంబళి ముక్క మాదిరి అట్ట కట్టి ఉంది. పట్టుకారుతో లాగితే ఒకే పొరగా ఊడి వచ్చింది. బ్లోయర్ కొట్టి పెట్టినాక కూడా బయోస్‌లో వేడి 90 డిగ్రీలు దాటుతానే ఉంది. అప్పుడు వేలితో హీట్‌సింక్ మూలలు నొక్కి చూసినా. నాలుగు ప్లాస్టిక్ కాళ్లలో ఒకటి బోర్డులో దిగకుండా పైకి లేచి ఉంది. అది ఎప్పుడో ఊడింది, అక్కడ హీట్‌సింక్ ప్రాసెసర్‌కు ఆనడం లేదు. రెండింటి మధ్య పూసే థర్మల్ పేస్టు పాతది తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టి, కాళ్లు ఎదురెదురు మూలల వరసలో టక్కుమనేదాకా నొక్కితే వేడి 45కు దిగింది. డేటా ఒక్క అక్షరం కదల్లేదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరక్కుండా వేలు అడ్డం పెట్టండి, లేకపోతే బేరింగ్ పోతుంది.

ర్యాము పని చిన్నదే. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకండ్లు నొక్కి పట్టి, ర్యాములు తీసి, బంగారురంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటే పెట్టి చూడండి.

తప్పు విండోస్‌దే అని తేలితే, చుక్కలు తిరిగేటప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. అట్లా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ 10, 11లో రిపేర్ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి పోయి రీస్టార్ట్ నొక్కితే అంకెల పట్టీ వస్తుంది. 9 నొక్కితే తప్పు జరిగినా తనంతట రీస్టార్ట్ కాకుండా నీలి తెర నిలబడుతుంది. దాని మీది కోడ్‌ను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే విండోస్ తప్పనిసరి డ్రైవర్లతోనే నడుస్తుంది. అందులో బాగా నడిస్తే కొత్తగా వేసిన డ్రైవర్ తీసేయండి. విండోస్ అప్‌డేట్ తర్వాతే మొదలైతే, అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో అప్‌డేట్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసే దారి ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ప్రపంచమంతా సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయినప్పుడు కూడా, సేఫ్ మోడ్‌లోకి పోయి ఒక్క ఫైలు తీసేస్తే అవి లేచినాయి.

ఇవన్నీ చేసినాక కూడా ఫార్మాట్ తప్పదంటే, డిస్క్ విప్పి ఇంకో సిస్టంకు రెండో డిస్కుగా తగిలించండి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ ముందే వెతికి పెట్టుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, టాలీ డేటా ఫోల్డరు కాపీ చేయండి. డిస్క్ టిక్కు టిక్కుమంటుంటే ఇంక నడపకుండా డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోండి. కాపీ అయిన వాటిలో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకుని, ఆ తర్వాతే ఫార్మాట్ నొక్కండి.