ఆ మూడు ముక్కల మాట మీరు అనకండి: ఇజ్రాయెల్‌కు కొత్తగా వచ్చిన మన కేర్‌గివర్లకు పండుగల గురించి

మొన్నటి వసంతంలో మా పక్క వీధిలోని ఒక ఇంట్లో పనికి చేరిన ఆర్మూరు అబ్బాయి ఒక సాయంత్రం నాకు ఫోను చేసి, తన ఉద్యోగం పోయిందని ఏడ్చాడు. అతడు చేసిన నేరమల్లా, అందరూ నవ్వుతూ చెప్పుకొనే ఒక మాటను తానూ ఒకసారి చెప్పడం. ఆ సంగతికి తర్వాత వస్తాను. బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, ఆరోగ్య బీమా గురించి ఇక్కడ రాయడం లేదు. అవి ఏజెన్సీవారూ తోటివారూ మీకు చెబుతారు. ఈ దేశంలో పండుగ పూట ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

మన కాముని పున్నమి వచ్చే రోజుల్లోనే, ఇంచుమించు అదే పున్నమికి, ఇక్కడ పూరీం అనే యూదుల పండుగ వస్తుంది. నేను వచ్చిన రెండో నెలలో ఆ పండుగ పడింది. ఉదయాన్నే తలుపు కొట్టిన పోలీసు ఒకతను వీసా చూపమంటే, చేతులు వణుకుతూ పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చాను. మా సబా, అంటే నేను చూసుకొనే తాతగారు, మంచం మీద నుంచే పగలబడి నవ్వారు. ఆ పోలీసు వేషంలో వచ్చింది ఆయన పెద్ద మనవడు. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు. కనుక ముందే చెబుతున్నాను: పూరీం నాడు బస్సులో మీ పక్కన పులి కూర్చున్నా, రాజు కూర్చున్నా మీరు మీ దిగవలసిన చోటు చూసుకోండి. సెలవు దొరికి మరునాడు యెరూషలేముకు వెళితే అక్కడ మళ్ళీ ఇదే వేషం కనిపిస్తుంది, ఎందుకంటే ప్రాచీన ప్రాకారం గల ఆ నగరంలో పూరీం ఒక రోజు ఆలస్యంగా, యూదుల పంచాంగంలోని అదార్ నెల 15న, జరుగుతుంది.

ఈ వేళాకోళం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు కోపం రాదు. పూరీం నాడు చదివే ఎస్తేరు గ్రంథంలో, పర్షియా రాజు దగ్గరి మంత్రి హామాన్ యూదులందరినీ ఒక్క రోజులో చంపించాలని చీట్లు వేసి ముహూర్తం పెడతాడు. మొర్దెకై అనే యూదుణ్ణి ఉరితీయడానికి తాను నిలబెట్టించిన ఏభై మూరల కొయ్యకు చివరికి తానే వేలాడతాడు. అంతా తలకిందులయిన కథ కాబట్టి ఆ రోజు గంభీరమైనవన్నీ తలకిందులు కావచ్చునని వారి లెక్క. ప్రార్థనామందిరంలో హామాన్ పేరు వినపడినప్పుడల్లా మోత చేసే గిలకలు తిప్పి, కాళ్ళతో నేలను తన్ని ఆ పేరును ముంచేస్తారు. ఇంట్లో మన కజ్జికాయను గుర్తుచేసే, మూడు మూలలుండే గసగసాల తీపిని తింటూ దాన్ని హామాన్ చెవులు అంటారు. ఆ గ్రంథం మొదటి వాక్యంలోనే హోదూ నుంచి కూషు వరకు 127 సంస్థానాలని వస్తుంది. హోదూ అంటే మన భారతదేశం. ఆ మాట రాగానే ఇంటిల్లిపాదీ మీ వైపు చూస్తారు. హీబ్రూలో అదే మాటకు టర్కీ కోడి అనే అర్థం కూడా ఉంది కనుక, తర్వాత ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. నవ్వేయండి, ఆ కోడి మాట నేను ఎన్నో ఏళ్ళుగా వింటున్నాను.

గిలక విషయంలో మాత్రం జాగ్రత్త పడండి. చదివేవారు చేయి ఎత్తగానే మోత ఆగిపోవాలి, ఎందుకంటే గ్రంథంలోని ప్రతి పదమూ చెవిన పడితేనే ఆ విధి తీరినట్టు. సరదా కదా అని ఇంకో నాలుగు తిప్పులు తిప్పినవారిని వృద్ధులు చూసే చూపు నేను చూశాను. మద్యం సంగతీ అంతే. ‘హామానుకు శాపం, మొర్దెకైకి దీవెన’ అనే రెండింటికీ తేడా తెలియనంతగా తాగాలని యూదుల ధర్మగ్రంథమైన తాల్మూద్‌లో ఉన్న మాట నిజమే. ఆ వెంటనే అక్కడే ఇంకో కథ ఉంది. రబ్బా అనే పండితుడు పూరీం విందులో మత్తెక్కి రబ్బీ జేరాను కోసేశాడట, మరునాడు ప్రార్థించి బతికించుకున్నాడట, మరుసటి ఏడు మళ్ళీ విందుకు పిలిస్తే, ప్రతిసారీ అద్భుతం జరగదు కదా అని జేరా రానన్నాడట. పెద్దవారి మందులు మీ చేతిలో ఉన్నాయి కనుక ఎవరు గ్లాసు అందించినా మీరూ జేరాగారి జవాబే చెప్పండి.

నెల తిరగ్గానే, ఈజిప్టు బానిసత్వం నుంచి తమవారు బయటపడ్డదాన్ని తలచుకొనే పెసహ్ పండుగ వస్తుంది. మొదటి రాత్రి భోజనాన్ని సేదెర్ అంటారు. అన్నం కోసం గంటన్నర కూర్చోవలసి వస్తుందని ఎవరూ మీకు చెప్పరు, కాబట్టి ముందే కాస్త తినండి. ఆ రాత్రి పొంగని రొట్టె ముక్కను గుడ్డలో చుట్టి దాచిపెడతారు. పిల్లలు దాన్ని కాజేసి, బహుమతి ఇస్తేనే తెచ్చిస్తామని బేరమాడతారు. అది తినకుండా భోజనం ముగియదు కాబట్టి దిండు వెనుక కనబడిన మూటను చెత్త అనుకొని పారేయకండి. ఏలియా ప్రవక్త కోసం ఒక పాత్ర నిండా ద్రాక్షారసం పోసి ఉంచి, తలుపు తెరవమని ఎవరినో ఒకరిని పంపుతారు. మొదటి ఏడు నన్ను పంపారు. నేను తలుపు తీసి, ఎవరూ కనిపించకపోతే మర్యాదగా మూడు అంతస్తులు దిగి, వీధి గేటు దగ్గర నిలబడి ఆ ఏలియాగారి కోసం ఎదురుచూశాను. వెతుక్కుంటూ వచ్చిన మనవరాలు నన్ను చూసి మెట్ల మీదే కూలబడింది.

చివర్లో పాడే పాట వింటే మీకు ఇల్లు గుర్తొస్తుంది. నాన్న రెండు కాసులకు కొన్న మేకపిల్లను పిల్లి తినడం, పిల్లిని కుక్క కరవడం, కుక్కను కర్ర కొట్టడం, కర్రను నిప్పు కాల్చడం, నిప్పును నీళ్ళు ఆర్పడం ఇలా సాగి సాగి మృత్యుదూత వరకూ, ఆపైన దేవుడి వరకూ వెళుతుంది. అది విన్నాక మా సబాకు చేపా చేపా ఎందుకు ఎండలేదని నేను మన ఏడు చేపల కథ చెప్పాను. చీమ దగ్గరకు వచ్చేసరికి ఆయన, మీ కథలో ఎవరూ చావలేదే, ఇదేం పండుగ కథ అన్నారు.

ఇప్పుడు ఆర్మూరు అబ్బాయి దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఇంత రాసింది దీనికోసమే. ఈ పండుగలన్నిటికీ కలిపి ఇక్కడివారు చెప్పుకొనే మూడు ముక్కల మాట ఒకటుంది: ‘మనల్ని చంపాలని చూశారు, బతికి బయటపడ్డాం, ఇక తిందాం.’ పూరీంకు చెబుతారు, పెసహ్‌కు చెబుతారు, ప్రతిసారీ అందరూ నవ్వుతారు. పెసహ్ ముగిసి వారం తిరగకుండానే నీసాన్ నెల 27న హిట్లర్ కాలంలో హతమైన అరవై లక్షల యూదుల సంస్మరణ దినం వస్తుంది. పోలండులోని వార్సా యూదులు 1943లో హిట్లర్ సేనల మీద తిరగబడింది పెసహ్ సాయంత్రమే కనుక ఈ రెండూ పక్కపక్కనే ఉండటం కాకతాళీయం కాదు. ఉదయం పది గంటలకు దేశమంతటా సైరన్ మోగుతుంది, దారిలో కార్లు ఆపి మరీ రెండు నిమిషాలు నిలబడతారు. మన అబ్బాయి చక్కగానే నిలబడ్డాడు. సైరన్ ఆగాక సవ్తా, అంటే అతడు చూసుకొనే అమ్మమ్మగారు, కళ్ళు తుడుచుకోవడం చూసి, ఓదార్చాలని, పండుగల్లో నేర్చుకొన్న ఆ మూడు ముక్కలనూ వచ్చీరాని హీబ్రూలో అన్నాడు. కూతురు లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయింది. ఆ సవ్తా చిన్నతనంలో పోలండు నుంచి ఒంటరిగా బయటపడ్డ మనిషి.

దయచేసి అర్థం చేసుకోండి. ‘మనల్ని’ అన్న మాటలో మీరు లేరు. ఇంట్లో మనం మన తాతగారి పిసినారితనం గురించి నవ్వుకోవచ్చు గానీ అదే మాట పొరుగింటివాడు అంటే ఊరుకుంటామా? వారు చెబితే నవ్వండి, మీ అంతట మీరు చెప్పకండి, ఇంకొకరికి మోయకండి, ఫోనులో స్టేటస్‌గా అసలే పెట్టకండి. ఆ దినం తర్వాత వారానికి సైనికుల సంస్మరణ దినం వస్తుంది, అప్పుడూ సైరన్లే. శరత్కాలంలో, పాపాలకు క్షమాపణ కోరుకొనే యోమ్ కిప్పూర్ నాడు ఉపవాసం ఉన్నవారికి పండుగ శుభాకాంక్షలు చెప్పి నవ్వు మొహం పెట్టకండి, ఉపవాసం తేలికగా గడవాలని మాత్రమే కోరండి. ఎన్నిసార్లు చెప్పినా, మాకు తెలుసులే అన్నా అని తల ఊపి, మళ్ళీ ఇవే పొరపాట్లు చేసి నాకు ఫోను చేసేవాళ్ళున్నారు.

ఇంత భయపెట్టాను కనుక ఇదీ చెప్పాలి, చెప్పక తప్పదు. ఆ అబ్బాయి ఉద్యోగం పోలేదు. నాకు ఫోను చేసి పెట్టేశాక, తల వంచుకొని వంటింట్లోనే నిలబడ్డాడట. సవ్తా నడక కర్రతో మెల్లగా వచ్చి, బల్ల మీద రెండు పళ్ళేలు పెట్టించి, తన ఎదురు కుర్చీ చూపించి, ‘ఆ మూడో ముక్క ఒక్కటీ నువ్వు కూడా అనొచ్చు’ అందట. వాడు ఏమీ అనకుండా కూర్చుని, రెండుసార్లు వడ్డించుకొని తిన్నాడు.