పెద్ద హారన్ బిగిస్తున్నారా? ముందు ఫ్యూజు ఎక్కడుందో చూడండి

హారన్ మార్చిన బండికి హెడ్‌లైట్ కింద నుంచి పొగ లేచిందనో, పార్కింగ్‌లో పెట్టిన బండి ఉన్నట్టుండి అంటుకుందనో కబురు వచ్చినప్పుడల్లా నింద హారన్ మీదే పడుతుంది. చవక సరుకు, అందుకే అలా అయిందంటారు. చవక హారన్ పాడైతే మామూలుగా జరిగేది బొంగురుపోవడం, లేదా మూగబోవడం. బండిని తగలబెట్టేది దానికోసం బ్యాటరీ నుంచి లాగిన ఎర్ర వైరు. ఆ వైరు మొదట్లో ఫ్యూజు లేకపోవడం.

తాళం తీసి పక్కన పెట్టండి, మంచి వెలుతురులో కూర్చోండి లాంటివి అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోవడం లేదు.

ఎర్ర వైరు

పెద్ద హారన్‌కి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే, తెంపే స్విచ్చు) ఉండాలని ఇప్పుడు చాలామందికి తెలుసు. చిక్కు కూడా అక్కడే వస్తోంది. రిలే పెట్టాం కదా, ఇక భయం లేదనుకుంటారు. రిలే కాపాడేది హ్యాండిల్ మీది బటన్‌ని. వైరుని కాపాడేది ఫ్యూజు. దీని పని అది చెయ్యదు, దాని పని ఇది చెయ్యదు.

వైరు వెళ్లే దారి ఒకసారి చూడండి. చాలా బళ్లలో బ్యాటరీ సీటు కింద ఉంటుంది. హారన్లూ రిలే హెడ్‌లైట్ దగ్గర ఉంటాయి. మధ్యలో మీటరు పొడుగు వైరు ట్యాంకు కింద నుంచి, ఫ్రేము అంచులు ఒరుసుకుంటూ, హ్యాండిల్ మెడ పక్కగా ముందుకి పోతుంది. రెడీమేడ్ వైరింగ్ కిట్లు కొన్నింటిలో ఫ్యూజు హోల్డరు రిలే పక్కనే వేలాడుతుంటుంది. చూడటానికి ఫ్యూజు ఉన్నట్టే. కానీ ఫ్యూజు తన తర్వాత ఉన్న వైరుని మాత్రమే కాపాడగలదు, తనకంటే ముందున్న దాన్ని కాదు. అంటే ట్యాంకు కింద పడుకున్న ఆ మీటరు వైరుకి కాపలా లేనట్టే.

హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ మెడ దగ్గర వైరు ఒక వెంట్రుకవాసి రాసుకుంటుంది. మొదట ఇన్సులేషన్ మీద మెరుపు వస్తుంది, తర్వాత గాడి పడుతుంది, చివరికి రాగి కనిపిస్తుంది. ఫ్రేము మొత్తం బ్యాటరీ మైనస్సే. రాగి దానికి తగిలిన క్షణం చిన్న బైకు బ్యాటరీ కూడా వంద ఆంపియర్లకు పైన వదలగలదు. సెకన్లలో వైరు ఎర్రబడి, దానితోపాటు కట్టేసిన కంపెనీ వైరింగ్ కట్టని కరిగించేస్తుంది. పైన పెట్రోలు ట్యాంకు. తాళం ఆపేస్తే ఆగుతుందా అంటే ఆగదు. ఈ వైరు తాళంతో పనిలేకుండా నేరుగా బ్యాటరీ నుంచి వచ్చింది. ఆగి ఉన్న బళ్లు అంటుకునేది ఇందుకే.

కాబట్టి ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఉండాలి. కిట్‌లో ఇంకోచోట ఇచ్చి ఉంటే కత్తిరించి ఇక్కడికి మార్చండి. కిట్ తయారు చేసినవాడికి మీ బండిలో బ్యాటరీ ఎక్కడుందో తెలియదు.

లెక్క

బండితో వచ్చే మామూలు హారన్ సుమారు 2 నుంచి 3 ఆంపియర్లు లాగుతుంది. కంపెనీ వైరు, బటన్ లోపలి రాగి రేకులు ఆ పాటి కరెంటుకే చేసినవి. బయట దొరికే పెద్ద డిస్కు హారన్, నత్తగుల్లలా చుట్టుకుని ఉండే విండ్‌టోన్ ఒక్కోటి 4 నుంచి 6 ఆంపియర్లు తీసుకుంటాయి. హెచ్చు, తగ్గు స్వరాల జంట పెడితే దాదాపు పది. దాన్ని పాత వైరుకే తగిలిస్తే నొక్కిన ప్రతిసారీ బటన్ లోపల నిప్పురవ్వ లేస్తుంది. కొన్నాళ్లకి ప్లాస్టిక్ మెత్తబడి బటన్ లోపలికి అతుక్కుపోతుంది.

ఇంకో సంగతి. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు అన్నీ ఒకే ఫ్యూజు మీద నడిచే బళ్లు చాలా ఉన్నాయి. పెద్ద హారన్ దెబ్బకి ఆ ఫ్యూజు పోతే హారన్ మోగలేదని మాత్రమే మీకు తెలుస్తుంది. బ్రేకు వేసినా వెనక లైటు వెలగడం లేదని వెనక వచ్చే లారీకి ముందు తెలుస్తుంది.

ఒక్క హారన్ అయితే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 10 ఆంపియర్ల ఫ్యూజు (ఎరుపు రంగుది). జంట అయితే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు (నీలం). హారన్ లాగే దానికంటే ఫ్యూజు ఎక్కువ ఉండాలి, వైరు మోయగలిగే దానికంటే తక్కువ ఉండాలి. సన్న వైరుకి 30 ఆంపియర్ల పచ్చ ఫ్యూజు పెడితే వైరే ఫ్యూజులా కాలిపోతుంది. ఎర్త్ వైరు (హారన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి పోయేది) కూడా ప్లస్ వైరంత మందం ఉండాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

కంప్రెసర్‌తో వచ్చే ఎయిర్ హారన్లు 15 నుంచి 20 ఆంపియర్లు లాగుతాయి. 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉన్న బండికి అది వద్దు. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు చార్జింగ్ ఎలాగూ అంతంతమాత్రం. గట్టిగా నొక్కితే వోల్టేజి పడిపోయి, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే సిగ్నల్ దగ్గరే ఆగిపోవచ్చు.

రిలే

12 వోల్టుల, 30 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే చాలు. 30 నంబరు పిన్నుకి బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చిన ఎర్ర వైరు. 87కి హారన్ ప్లస్. పాత హారన్‌కి ఉన్న రెండు వైర్లూ 85కి, 86కి. రెండూ అన్నమాట గుర్తుంచుకోండి. చాలా బళ్లలో తాళం తిప్పగానే హారన్ వైర్లలో ఒకదానిలో ప్లస్ నిలబడి ఉంటుంది, బటన్ ఇచ్చేది మైనస్. ఆ సంగతి తెలియక ఆ ప్లస్ వైరొక్కటే రిలేకి ఇచ్చి, రెండో పిన్ను ఫ్రేముకి కట్టేస్తే తాళం తిప్పగానే హారన్ మొదలవుతుంది, ఇక ఆగదు. రెండు వైర్లూ రిలేకే ఇస్తే బటన్ ఏది ఇచ్చినా పని జరుగుతుంది. 85, 86 మధ్య ఉండే రిలే కాయిల్ (తీగచుట్ట) తీసుకునేది ఆంపియరులో ఆరో ఏడో వంతు. బటన్‌కి మునుపటికంటే సుఖం.

ఐదు పిన్నుల రిలే చేతికొస్తే చాలావాటిలో నడుమ పిన్ను 87ఏ. రిలే పని చెయ్యనప్పుడు కరెంటు దానిలో ఉంటుంది. దానికి హారన్ ఇస్తే తాళం లేకుండానే మోగుతుంది. ఆ పిన్నుకి స్లీవ్ తొడిగి వదిలేయండి.

ఎలక్ట్రానిక్ కంట్రోలు యూనిట్ ఉన్న కొత్త బళ్లకి లోపల డయోడ్ (కరెంటుని ఒకే వైపుకి పోనిచ్చే భాగం) ఉన్న రిలే తీసుకోండి. బటన్ వదిలినప్పుడు కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజిని అది మింగేస్తుంది. అయితే డయోడ్ రిలేకి ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. రిలే ఒంటి మీద బొమ్మ ఉంటుంది, చూసి కలపండి. హారన్‌ని బ్యాటరీతో కాక మ్యాగ్నెటో (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే భాగం) ఇచ్చే ఏసీతో నడిపే పాత బళ్లలో మామూలు రిలే గిలగిలా కొట్టుకుంటుందే తప్ప పట్టదు.

ఫ్యూజు పెట్టే ముందు బల్బు పరీక్ష

పది నిమిషాల పని. దీన్ని వదలొద్దు. ఫ్యూజు హోల్డరులో ఫ్యూజు బదులు 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బుని రెండు వైరు ముక్కలతో తగిలించండి. బ్యాటరీ కలపండి. బల్బు వెలగకూడదు. ఇప్పుడు హ్యాండిల్ ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా నెమ్మదిగా తిప్పండి. ముందు బ్రేకు పట్టి ఫోర్కుని గట్టిగా నాలుగుసార్లు కిందికి నొక్కండి. వైరు కట్టని వేళ్లతో అక్కడక్కడా కదపండి. బల్బు ఒక్క క్షణం మిణుకుమన్నా వైరు ఎక్కడో ఫ్రేముకి తగులుతోందని అర్థం. ఫ్యూజు లేకుండా ఉంటే అదే మంట అయ్యేది. చివర తాళం తిప్పి బటన్ నొక్కితే బల్బు వెలిగి, హారన్ నీరసంగా గురగురమంటుంది, లేదా అసలు మోగదు. అది సరైనదే, బల్బు కరెంటుని అడ్డుకుంటోంది. అప్పుడు బల్బు తీసి ఫ్యూజు పెట్టండి.

ఇక మిగిలినవి వరసగా:

- బ్యాటరీ మైనస్ ముందు విప్పండి, చివర బిగించండి. ప్లస్ ముందు విప్పబోతే స్పానర్ ఫ్రేముకి తగిలి అక్కడే వెల్డింగ్ అవుతుంది.
- హారన్‌తో వచ్చిన స్ప్రింగ్ పట్టీతోనే బిగించండి. హారన్ ఊగాలి. మందపాటి ఇనప ముక్కకి బిర్రుగా బిగిస్తే సగం శబ్దం అక్కడే చస్తుంది.
- హారన్ ఒళ్లు పట్టీకి తప్ప దేనికీ తగలకూడదు. ఫోర్కుకి, ఫెయిరింగ్‌కి (బండి ముందు ప్లాస్టిక్ తొడుగు), రేడియేటర్‌కి, దేనికీ.
- ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు మడ్‌గార్డుకీ హారన్‌కీ మధ్య వేలు దూరే సందు ఉండాలి. గుంతలో పడ్డాక చూసుకునే సంగతి కాదిది.
- రేడియేటర్‌కి గాలి తగిలే దారిలో పెట్టొద్దు.
- విండ్‌టోన్ మూతి కిందికి వంచి పెట్టండి. పైకి పెడితే మొదటి వానకి గ్లాసు పెట్టినట్టే.
- రిలే పిన్నులు కిందికి ఉండాలి.
- ఒకే పిన్ను ఉన్న హారన్‌కి ఎర్త్ పట్టీ ద్వారానే అందాలి. రంగు మీద బిగిస్తే అందదు. గీకండి, లేదా పట్టీ నుంచి వేరే వైరు బ్యాటరీ మైనస్‌కి లాగండి.
- బొంగురుగా మోగితే ముందు ఎర్త్ చూడండి. మోగుతుండగా హారన్ పిన్నుల దగ్గర వోల్టేజి కొలవండి. బ్యాటరీ దగ్గరకంటే అర వోల్టుకి మించి తగ్గితే వైరు సన్నమో, జాయింటు వదులో.
- వెనకున్న స్క్రూ శబ్దం పెంచడానికి కాదు. ముట్టుకోవద్దు.
- వైర్లు మెలేసి టేపు చుట్టొద్దు. ఎండకి జిగురు కారి టేపు ఊడుతుంది. సరైన లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) పెట్టి ప్లయర్‌తో నొక్కి, వేడికి ముడుచుకునే స్లీవ్ వెయ్యండి.
- సోల్డర్ చేసిన చోట వైరు కర్రలా బిగుసుకుంటుంది, వణుకుడికి ఆ అంచు దగ్గరే తెగుతుంది.
- కంపెనీ వైరింగ్ కత్తిరించొద్దు. పాత హారన్ లగ్గుల్లోకి సరిపోయే పిన్నులు దొరుకుతాయి.
- హెడ్‌లైట్ వైరు నుంచి ప్లస్ తీసుకోవద్దు. బ్రేక్ లైటు వైరు నుంచి అసలే వద్దు.
- మెడ దగ్గర వైరుకి గొట్టం తొడగండి, హ్యాండిల్ చివరిదాకా తిరిగినా బిగుసుకోనంత వదులు ఇవ్వండి.
- హారన్ ముందు చెవి పెట్టి పరీక్షించొద్దు. రెండు మీటర్ల దూరంలోనే 110 డెసిబెల్స్ దాటేవి ఉన్నాయి. పక్కన పిల్లలుంటే పంపేయండి.
- పాటలు పాడేవి, స్వరం మార్చేవి, ఈలలు వేసేవి వద్దు. చాలా దేశాల్లో అవి నేరం. వలయంలో ఇంగ్లీషు "E" అక్షరం, పక్కన అంకె ఉన్న ఆమోద ముద్ర హారన్ మీద ఉందేమో చూసి కొనండి.
- బండి కడిగేటప్పుడు ప్రెషర్ జెట్ హారన్ మూతిలోకి కొట్టొద్దు.
- హారన్ ఆగకుండా మోగితే వైర్లు లాగొద్దు. ఫ్యూజు పీకండి. అది చేతికందే చోట, పనిముట్టు లేకుండా తీసేలా ఉండాలి.
- ఫ్యూజు పోయిందా? ఎందుకు పోయిందో తెలిసేదాకా కొత్తది పెట్టొద్దు.
- పెద్ద ఫ్యూజు వద్దు. సిగరెట్ పెట్టె వెండి కాగితం వద్దు. వైరు ముక్క వద్దు. "ఇంటిదాకా వెళ్తే చాలు" వద్దు. హారన్ లేకుండా ఇంటికి వెళ్లండి.
- వారం తిరిగాక సీటు తీసి, హారన్ కాసేపు మోగించి ఫ్యూజు హోల్డరు ముట్టుకోండి. వేడిగా ఉంటే లోపల పిన్ను వదులు, మార్చండి.
- అప్పుడే మెడ దగ్గర వైరు చూడండి. ఇన్సులేషన్ మీద మెరుపు కనిపిస్తే దారి మార్చండి.
- ఇప్పటికే పెద్ద హారన్ బిగించిన బండి ఇంట్లో ఉంటే సీటు ఎత్తి ఎర్ర వైరు పట్టుకుని బ్యాటరీ నుంచి ముందుకి వెళ్లండి. జానెడు లోపు ఫ్యూజు కనిపించకపోతే ఆ వైరుని ఇప్పుడే విప్పేయండి. హోల్డరు తెచ్చాక మళ్లీ బిగించుకోవచ్చు.