పాత టాటా ఏస్‌ని టిఫిన్ బండిగా మార్చడం

ముందు బండి కిందికి దూరి ఛాసిస్ (బండి అడుగు చట్రం) చూడండి. సుత్తితో తడితే ఖంగుమనాలి. పెచ్చులు రాలితే ఆ బండి వద్దే వద్దు. పైపై తుప్పయితే వైర్ బ్రష్‌తో గీకి, అదే రోజు తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ పెయింట్ పూయండి. రాత్రికి వదిలేస్తే తేమకు మళ్లీ తుప్పు పడుతుంది.

బాడీ కట్టించకముందే తిరుపతి ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా ఆర్సీకి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

తిరుపతి ఎండలకు ఒట్టి రేకు కప్పు కింద నిలబడి దోసెలు పోయలేరు. రేకుకు లోపల రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి పీచు) పరిచి, దాని కింద స్టీల్ షీటు కొట్టించండి. థర్మాకోల్ చవకే గానీ, పొయ్యి దగ్గర అంటుకుంటుంది. కౌంటరుకు 304 గ్రేడ్ స్టీల్ వేయిస్తే చింతపండు పులుపుకు మచ్చ పడదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది గ్యాస్ పని. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే చేరుతుంది. అందుకే 19 కేజీల సిలిండర్ పెట్టే అరకు బయటి వైపు అట్టడుగున చిల్లులు పెట్టాలి, లోపలి వైపు పూర్తిగా మూసేయాలి. సిలిండర్‌ని నిలువుగానే ఉంచి బెల్టుతో బిగించండి. జాయింట్లకు సబ్బు నురగ పూసి చూడండి, బుడగ వస్తే పొయ్యి వెలిగించొద్దు.

పెనం ఒక పక్కనుంటే నీళ్ల డ్రమ్ము రెండో పక్క పెట్టండి, లేకుంటే మలుపుల్లో బండి ఒరుగుతుంది. అన్నీ సర్దాక వేబ్రిడ్జి మీద తూచి, ఆర్సీలోని మొత్తం బరువు దాటలేదని చూసుకోండి.